తోక తెగిన మౌస్: రీచార్జి సౌకర్యం ఎవరికి లాభం?

కంప్యూటర్ సామాను అమ్మే దుకాణంలో మౌస్ అడిగితే ఇప్పుడు మూడు రకాలు చూపిస్తారు. తీగతో పనిచేసేది మొదటి రకం. తీగ లేకుండా, మామూలు పెన్సిల్ సెల్ వేసుకొని వాడేది రెండో రకం. లోపలే బిగించిన బ్యాటరీని సెల్‌ఫోన్‌లాగా చార్జి చేసుకుంటూ వాడేది మూడో రకం. సాధారణంగా ధరలు కూడా ఇదే వరుసలో పెరుగుతాయి. ఇక సెల్స్ కొనే పని ఉండదనీ, చెత్త తగ్గుతుందనీ, పర్యావరణానికి మేలు జరుగుతుందనీ మూడో రకం గురించి ప్రచారం బాగా సాగుతోంది.

ఖరీదైన వస్తువు మంచిదే అయి ఉంటుందని అనుకోవడం తేలిక. కాని సైన్సు చదివే విద్యార్థి ప్రచారాన్ని నమ్మే ముందు కాగితం, పెన్సిలు తీసుకొని లెక్క వేసి చూడాలి. రీచార్జి మౌస్ విషయంలో ఆ లెక్క కొంత ఆశ్చర్యకరమైన ఫలితాన్నే ఇస్తుంది.

తోక ఎలా పోయింది?

మొట్టమొదటి మౌస్‌ను 1964లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలో తయారుచేశారు. ఆలోచన డగ్లస్ ఎంగెల్‌బర్ట్‌ది, దాన్ని చేసిపెట్టింది బిల్ ఇంగ్లిష్. అదొక చిన్న చెక్కపెట్టె. దాని అడుగున ఒకదానికొకటి లంబంగా రెండు చక్రాలు ఉండేవి. పెట్టెనుంచి బయటికి వచ్చిన తీగ తోకలా కనిపించడం వల్లే దానికి ఎలుక పేరు స్థిరపడిందని చెబుతారు. 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎంగెల్‌బర్ట్ దీన్ని అందరిముందు ప్రదర్శించాడు.

చక్రాల స్థానంలో రబ్బరు పూత ఉన్న బంతి వచ్చింది. 1999 తర్వాత బంతి కూడా పోయి కాంతితో పనిచేసే మౌస్ ఇంటింటికీ చేరింది. తోకను తెంచే ప్రయత్నం అంతకన్నా ముందే మొదలైంది. 1984లో లాజిటెక్ సంస్థ పరారుణ కిరణాలతో పనిచేసే మౌస్‌ను తయారుచేసింది. టీవీ రిమోట్‌లాగే దానికీ ఎదురుగా అడ్డం ఏదీ ఉండకూడదు. 1991లో అదే సంస్థ రేడియో తరంగాలతో పనిచేసే మౌస్‌ను తెచ్చింది. దాంతో అడ్డం ఉన్నా పని ఆగని పరిస్థితి ఏర్పడింది. లిథియం-అయాన్ బ్యాటరీని సోనీ సంస్థ మార్కెట్లోకి తెచ్చింది కూడా 1991లోనే. ఈ రెండు పరిణామాలూ కలిసిన చోటే నేటి రీచార్జి మౌస్ పుట్టింది.

లోపల ఏం జరుగుతోంది?

మౌస్ అడుగున ఒక చిన్న దీపం బల్ల ఉపరితలంపై కాంతిని ప్రసరింపజేస్తుంది. దాని పక్కన ఉండే చిన్న కెమెరా వంటి గ్రాహకం సెకనుకు వెయ్యికి పైగా బొమ్మలు తీస్తుంది. ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ ఉన్న తేడాను బట్టి మౌస్ ఎటు, ఎంత దూరం కదిలిందో లోపలి చిప్ లెక్కిస్తుంది. ఈ సమాచారం 2.4 గిగాహెర్ట్‌జ్ పౌనఃపున్యం గల రేడియో తరంగాల ద్వారా కంప్యూటర్‌కు చేరుతుంది. కాంతి వేగాన్ని ఈ పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం 12.5 సెంటీమీటర్లు వస్తుంది. తరంగం ఇంత పొట్టిది కాబట్టే దాని ఏంటెన్నా అరచేతిలో పట్టే మౌస్‌లో ఇమిడిపోతోంది.

తీగ లేకపోతే మౌస్ నెమ్మదిస్తుందని కొందరి అనుమానం. మామూలు మౌస్ తన కదలికను సెకనుకు 125 సార్లు కంప్యూటర్‌కు తెలియజేస్తుంది. అంటే ప్రతి 8 మిల్లీసెకన్లకు ఒకసారి. కంటికి కనిపించినదానికి స్పందించి మన వేలు కదలడానికే సుమారు 200 మిల్లీసెకన్లు పడుతుంది. కాబట్టి చదువుకూ, ఆఫీసు పనికీ ఈ ఆలస్యం లెక్కలోకి రాదు. పోటీగా కంప్యూటర్ ఆటలు ఆడేవారికి మాత్రం సెకనుకు 1000 సార్లు కబురు పంపే మౌస్‌లు విడిగా ఉన్నాయి. అవి కరెంటు కూడా ఎక్కువే తీసుకుంటాయి.

తీగ ఉన్న మౌస్‌కు కంప్యూటరే కరెంటు ఇస్తుంది కాబట్టి పొదుపు చేయాల్సిన అవసరం దానికి లేదు. తీగలేని మౌస్ మాత్రం పిసినారిలా బతకాలి. మీరు చేయి తీయగానే అది దీపం తగ్గించి, బొమ్మలు తీయడం దాదాపు మానేసి కునుకు తీస్తుంది. కాసేపటి తర్వాత కదిపితే బాణం గుర్తు ఒక్క క్షణం ఆగి కదలడానికి కారణం ఈ కునుకే.

ఒక చిన్న లెక్క

ఒక్క పెన్సిల్ సెల్‌తో ఏడాదిపాటు నడిచే మౌస్‌లు నేడు సామాన్యంగానే దొరుకుతున్నాయి. మంచి ఆల్కలైన్ సెల్‌లో సుమారు 2500 మిల్లీ ఆంపియర్-అవర్ల విద్యుత్తు ఉంటుందనుకుందాం. ఏడాదికి 8760 గంటలు. 2500ను 8760తో భాగిస్తే 0.28 వస్తుంది. అంటే పని, కునుకు అన్నీ కలిపి ఈ మౌస్ సగటున తీసుకునే కరెంటు మిల్లీ ఆంపియర్‌లో మూడో వంతుకన్నా తక్కువ!

ఇప్పుడు శక్తిని లెక్కిద్దాం. సెల్ వోల్టేజి వాడేకొద్దీ తగ్గుతుంది కాబట్టి సగటున 1.2 వోల్టులుగా తీసుకుంటే, 2.5 ఆంపియర్-అవర్లను 1.2తో గుణించాలి. వచ్చేది 3 వాట్-అవర్లు. మన ఇంటి మీటరులో ఒక యూనిట్ అంటే 1000 వాట్-అవర్లు. ఒక్క యూనిట్ విద్యుత్తు ఈ మౌస్‌కు 300 ఏళ్ళకు పైగా సరిపోతుంది. చార్జింగులో సగం వృథా అయిందనుకున్నా 150 ఏళ్ళకు తక్కువ కాదు.

అయితే ఈ లెక్కను సెల్స్ వాడకానికి సమర్థనగా తీసుకోకూడదు. ఆల్కలైన్ సెల్ మనకిచ్చే శక్తికంటే దాన్ని తయారుచేయడానికి ఖర్చయ్యే శక్తి ఎన్నో రెట్లు ఎక్కువ. జింకు, మాంగనీసు గనుల్లోంచి తవ్వి తీయాల్సిన లోహాలు. అందుకే కరెంటు ఎక్కువగా లాగే వస్తువుకు రీచార్జి బ్యాటరీ వాడడం నిస్సందేహంగా తెలివైన పని. మౌస్ సంగతి వేరు. అది ఏడాదికి ఒకే ఒక్క సెల్ అడుగుతోంది. ఐదేళ్ళకు 5 సెల్స్. ఒక్కొక్కటి సుమారు 23 గ్రాముల చొప్పున మొత్తం 115 గ్రాములు. రీచార్జి మౌస్ తప్పిస్తానంటున్న చెత్త ఇంతే. దీన్ని గుర్తుపెట్టుకొని ముందుకు వెళదాం.

న్యాయంగా చెప్పాల్సిన లాభాలు

రీచార్జి మౌస్‌కు నిజమైన లాభాలు లేకపోలేదు. ప్రాజెక్టు సమర్పించాల్సిన రాత్రి సెల్ అయిపోతే దుకాణానికి పరుగెత్తే పని ఉండదు. సెల్‌ఫోన్ చార్జింగు తీగ చాలా మౌస్‌లకు పనికొస్తుంది. కాసేపు చార్జి చేస్తే చాలాసేపు నడుస్తుంది. 2019లో వచ్చిన లాజిటెక్ ఎంఎక్స్ మాస్టర్ 3 రకం ఒక్క నిమిషం చార్జింగుతో 3 గంటలు పనిచేస్తుందని తయారీదారులు చెబుతున్నారు. మన లెక్క తెలిసినవారికి ఇందులో వింతేమీ ఉండదు. తినేదే తక్కువైనప్పుడు గుప్పెడు గింజలతోనే కడుపు నిండుతుంది.

రెండో లాభం బరువు. చిన్న లిథియం బ్యాటరీ పెన్సిల్ సెల్ కన్నా తేలిక. గంటల తరబడి చేత్తో కదిపే వస్తువులో ఇది చిన్న విషయం కాదు. మూడోది, ఆల్కలైన్ సెల్‌ను మరచిపోయి లోపలే వదిలేస్తే అందులోని పొటాషియం హైడ్రాక్సైడ్ కారి, లోహపు పలకలను తినేస్తుంది. రీచార్జి మౌస్‌కు ఆ బాధ లేదు.

దీపాలు వెలిగే, సెకనుకు 1000 సార్లు కబురు పంపే ఆటల మౌస్ సగటున 20 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుందనుకోండి. పెన్సిల్ సెల్ 125 గంటల్లో ఖాళీ అవుతుంది. రోజుకు 5 గంటలు వాడితే అది 25 రోజులు. ఏడాదికి 14 లేక 15 సెల్స్ కావాలి. ఇలాంటి మౌస్‌కు రీచార్జి బ్యాటరీ సబబైనదే. పుస్తకం చదువుకునే మౌస్‌కూ, యుద్ధాలు ఆడే మౌస్‌కూ ఒకే మందు రాయడమే అసలు చిక్కు.

బ్యాటరీ ఆయుర్దాయం

లిథియం-అయాన్ బ్యాటరీ గొప్ప ఆవిష్కరణ. దానికి పునాది వేసిన జాన్ గూడెనఫ్, స్టాన్లీ విట్టింగ్‌హామ్, అకిరా యోషినో 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఇలాంటి చిన్న బ్యాటరీని సాధారణంగా 300 నుంచి 500 సార్లు పూర్తిగా ఖాళీచేసి నింపితే దాని సామర్థ్యం సుమారు 80 శాతానికి పడిపోతుంది. మౌస్‌ను రెండు నెలలకొకసారి చార్జి చేస్తే ఏడాదికి 6 సార్లు. 500 సార్లు పూర్తి కావాలంటే 80 ఏళ్ళు దాటాలి! మరి మౌస్ బ్యాటరీలు కొద్ది ఏళ్ళకే ఎందుకు నీరసిస్తున్నాయి?

ఎందుకంటే ఈ బ్యాటరీకి వాడకంతో వచ్చే ముసలితనం ఒకటి, ఊరికే కూర్చున్నా వచ్చే ముసలితనం మరొకటి. లోపలి ద్రావణానికీ ఎలక్ట్రోడ్‌లకూ మధ్య అవాంఛిత రసాయన చర్యలు నిరంతరం నెమ్మదిగా జరుగుతూనే ఉంటాయి. వేడి పెరిగితే వాటి వేగం పెరుగుతుంది. బ్యాటరీ ఎప్పుడూ నూటికి నూరు శాతం నిండి ఉన్నా పెరుగుతుంది. మే నెలలో రెంటచింతల, రామగుండం వంటి చోట్ల ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరడం మనకు తెలిసిందే. అలాంటి గదిలో, రోజంతా చార్జింగు తీగకు తగిలించి ఉంచిన మౌస్ బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది.

దీనికి వ్యతిరేకమైన ప్రమాదమూ ఉంది. బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయ్యాక నెలల తరబడి అలాగే వదిలేస్తే వోల్టేజి హద్దు దాటి పడిపోతుంది. ఆ తర్వాత రక్షణ వలయం దాన్ని చార్జి కానివ్వకపోవచ్చు. మన బడులకు ఏప్రిల్ చివరినుంచి జూన్ రెండో వారం దాకా వేసవి సెలవులు. ఖాళీ అయిన మౌస్‌లను బీరువాలో పెట్టి తాళం వేస్తే, జూన్‌లో వాటిలో కొన్ని మేలుకోకపోవచ్చు. సగం చార్జి ఉంచి, మీట ఆపివేసి, చల్లని చోట పెట్టడం సరైన పద్ధతి. బ్యాటరీ ఉబ్బినట్లు కనిపిస్తే ఆ మౌస్‌ను వెంటనే పక్కన పెట్టాలి. దాన్ని గుచ్చినా, నొక్కినా మంటలు లేచే ప్రమాదముంది.

ఇప్పుడు ఇందాకటి 115 గ్రాములను గుర్తుచేసుకుందాం. సాధారణ మౌస్ బరువు సుమారు 100 గ్రాములు. లోపలి బ్యాటరీని మార్చే వీలు లేకపోతే, అది చనిపోయినరోజు మౌస్ మొత్తాన్నీ పారేయాలి. దీపం బాగుంది, గ్రాహకం బాగుంది, మీటలు బాగున్నాయి, అయినా పారేయాలి. అంటే 115 గ్రాముల సెల్స్ చెత్తను తప్పించి, 100 గ్రాముల ఎలక్ట్రానిక్ చెత్తను తయారుచేశాం. పైగా కొత్త మౌస్ ఖర్చు! పర్యావరణానికి మేలు అనే ప్రచారం ఈ తక్కెడలో నిలవదు. సెల్ మార్చుకునే మౌస్‌లో మాత్రం సెల్ చచ్చినా మౌస్ బతికే ఉంటుంది.

పొట్ట కింద ప్లగ్గు

రూపకల్పనలో అజాగ్రత్తకు ఉదాహరణగా చాలామంది చూపించేది ఆపిల్ సంస్థ మేజిక్ మౌస్. 2009లో వచ్చిన మొదటి రకం రెండు పెన్సిల్ సెల్స్‌తో నడిచేది. 2015 అక్టోబర్‌లో వచ్చిన రెండో రకంలో బ్యాటరీని లోపల బిగించి, చార్జింగు రంధ్రాన్ని మౌస్ అడుగున పెట్టారు. అంటే చార్జి చేయాలంటే మౌస్‌ను వెల్లకిలా పడుకోబెట్టాలి. ఆ సమయంలో దాన్ని వాడడం అసాధ్యం. 2024 అక్టోబర్‌లో రంధ్రాన్ని సి-టైపుకు మార్చారు కాని దాని చోటు మార్చలేదు.

రెండు నిమిషాల చార్జింగుతో 9 గంటలు నడుస్తుందని ఆ సంస్థ జవాబు. ఆ మాట కొట్టిపారేయదగింది కాదు. అయినా రంధ్రం ముందువైపు ఉంటే ఆ రెండు నిమిషాలు కూడా పని ఆగేది కాదు. బ్యాటరీ ముసలిదైపోయాక కూడా మౌస్‌ను తీగతో వాడుకోగలిగేవాళ్ళం. చార్జింగు రంధ్రం ఎక్కడుందనే చిన్న విషయం మౌస్ ఆయుర్దాయాన్నే నిర్ణయించగలదని దీన్నిబట్టి తెలుస్తోంది.

యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన బ్యాటరీల చట్టం ప్రకారం, 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ అమ్మే పరికరాల్లోని చిన్న బ్యాటరీలను, కొన్ని మినహాయింపులు పోగా, వాడేవారే సులభంగా తీసి మార్చుకోగలిగేలా ఉంచాలి. మన దేశంలో 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు పాత బ్యాటరీల సేకరణ, శుద్ధి బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. ఇది మంచి అడుగే. కాని బ్యాటరీ మౌస్ లోపలే అతుక్కుపోయి ఉంటే దాన్ని సేకరించడం కూడా కష్టమే.

గాలిలో ఇరుకు

తీగ తీసేయగానే వచ్చే మరికొన్ని చిక్కులు రెండో రకానికీ, మూడో రకానికీ సమానమే. 2.4 గిగాహెర్ట్‌జ్ ప్రాంతం లైసెన్సు లేకుండా ఎవరైనా వాడుకోదగినది. వైఫై, బ్లూటూత్, మైక్రోవేవ్ పొయ్యి అన్నీ ఆ చుట్టుపక్కలే ఉంటాయి. మౌస్‌లు ఖాళీగా ఉన్న చానల్‌కు మారుతూ సర్దుకుంటాయి. అయితే కొన్నిసార్లు గొడవ చేసేది పక్కనున్న ప్లగ్గే కావచ్చు. యు.ఎస్.బి. 3.0 పరికరాలు, తీగలు ఇదే ప్రాంతంలో రేడియో రొద పుట్టిస్తాయని 2012లో ఇంటెల్ సంస్థ ఒక పత్రంలో వివరించింది. మౌస్ తడబడుతుంటే దాని రిసీవర్‌ను అలాంటి ప్లగ్గుకు దూరంగా పెట్టి చూడండి.

భద్రత మాటేమిటి? 2016లో అమెరికాకు చెందిన బాస్టిల్ అనే భద్రతా సంస్థ ‘మౌస్‌జాక్’ అనే లోపాన్ని బయటపెట్టింది. బ్లూటూత్ కాకుండా సొంత రిసీవర్‌తో పనిచేసే అనేక మౌస్‌లు తమ సంకేతాలను రహస్య లిపిలో పంపడం లేదు. కొంత దూరంలో కూర్చున్న దుండగుడు మౌస్‌లా నటిస్తూ, కీబోర్డు మీద అక్షరాలు కొట్టినట్లుగా కంప్యూటర్‌కు ఆదేశాలు పంపగలడు. కొన్ని సంస్థలు తర్వాత సవరణలు విడుదల చేశాయి. తీగ ఉన్న మౌస్‌కు ఈ బెడద లేదు.

గోరంత రిసీవర్ పోయిందంటే చాలా రకాల్లో మౌస్ కూడా పోయినట్లే. ముప్పై మంది పిల్లలు వచ్చిపోయే లాబొరేటరీలో ఇది రోజూ ఉండే భయం.

ఎవరికి ఏది?

బడి, కాలేజీ లాబొరేటరీకి తీగ ఉన్న మౌస్‌ను మించింది లేదు. సెల్ అక్కరలేదు, చార్జింగు అక్కరలేదు, రిసీవర్ పోదు, ధర తక్కువ. పాత వస్తువని దాన్ని చిన్నచూపు చూడనవసరం లేదు.

లాప్‌టాప్‌తో తిరిగేవారికి పెన్సిల్ సెల్ మౌస్ చాలు. అందులో నికెల్-మెటల్ హైడ్రైడ్ రీచార్జి సెల్ కూడా వేసుకోవచ్చు. పాతరకం నికెల్ సెల్స్ ఊరికే ఉన్నా నెలలోనే ఎంతో చార్జి పోగొట్టుకునేవి. మౌస్ తినేదానికంటే అలా కారిపోయేదే ఎక్కువ. 2005లో జపాన్‌కు చెందిన సాన్యో సంస్థ ఎనెలూప్ పేరుతో తెచ్చిన రకం ఏడాది తర్వాతా చాలా భాగం చార్జిని నిలుపుకోగలిగింది. దీని వోల్టేజి 1.5 కాక 1.2 కాబట్టి కొన్ని మౌస్‌లు ముందుగానే బ్యాటరీ తక్కువని చూపించవచ్చు. ఒక్క మౌస్ కోసమే చార్జరు కొంటే ఖర్చు తిరిగి రాదు. ఇంట్లో టార్చి, ఆటబొమ్మలు, కెమెరా కూడా వాటితోనే నడిస్తే మాత్రం లాభమే.

రోజంతా కంప్యూటర్‌తో పనిచేసేవారూ, కరెంటు ఎక్కువ తీసుకునే మౌస్ అవసరమైనవారూ లోపలే బ్యాటరీ ఉన్నది కొనవచ్చు. కొనేముందు మూడు ప్రశ్నలు అడగండి. చార్జి అవుతుండగా పనిచేస్తుందా? అడుగున మరలు విప్పి బ్యాటరీ మార్చుకోవచ్చా? ఆ బ్యాటరీ విడిగా దొరుకుతుందా? మూడింటికీ కాదని జవాబు వస్తే, మీరు కొంటున్నది మౌస్ కాదు, కొన్నేళ్ళ అద్దె.

చివరగా ఒక ప్రయోగం. ఈసారి మౌస్‌లో కొత్త సెల్ వేసినప్పుడు దానిమీద పెన్నుతో తేదీ రాయండి. అది అయిపోయిన రోజున గడిచిన గంటలు లెక్కించి, సెల్ సామర్థ్యాన్ని ఆ గంటలతో భాగించండి. మీ మౌస్ సగటున ఎంత కరెంటు తీసుకుంటుందో తెలుస్తుంది. ఏడాది దాకా ఆ సెల్ నడిచిందంటే, మీకు రీచార్జి మౌస్ అవసరం లేదని ఆ సెల్లే చెప్పినట్లు.